నీళ్ళు పోసే గంట

ఏటా ఆరో తరగతి పిల్లలకు ఎముకల పాఠం నేనే చెబుతాను. కలిదిండి దాటాక చేపల చెరువుల మధ్య ఉన్న ఒక ఊరి హైస్కూల్లో బయాలజీ టీచర్ని. మా ల్యాబులో కొక్కేనికి వేలాడే ప్లాస్టిక్ అస్థిపంజరం ఒకటుంది. కుడిచేతి చిటికెన వేలు ఎప్పుడో ఊడిపోయింది. పరీక్షలయిపోయిన రోజున పిల్లలు దానికి టోపీ పెడతారు, కళ్ళజోడు పెడతారు, ఒకసారి నా చున్నీయే కప్పారు. తిట్టబోయి నవ్వేశాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. నిజమే, కాదనను. కాకపోతే అది అక్కడ ఎక్కువసేపు కూర్చోదు.

పాఠం మొదట్లో పిల్లల్ని ఒక ప్రశ్న అడుగుతాను. పుట్టినప్పుడు మనకి మూడు వందల దాకా ఎముకలుంటాయి, పెద్దయ్యేసరికి రెండు వందల ఆరే మిగులుతాయి, మిగతావి ఎక్కడికి పోయాయి? "అరిగిపోయాయండి" అంటాడొకడు. "పాలపళ్ళతో పాటు రాలిపోయాయండి" అంటుంది ఇంకో పిల్ల. ఎక్కడికీ పోలేదర్రా, ఒకదానితో ఒకటి కలిసిపోయాయి అని చెప్పి, మెత్తటి మృదులాస్థి నెమ్మదిగా గట్టి ఎముకగా ఎలా మారుతుందో బోర్డు మీద బొమ్మ వేస్తాను. ఎక్కం అప్పజెప్పినట్టు ఆ మాట ఏళ్ళ తరబడి చెప్పాను. అందులో ఎంత దయ దాగి ఉందో నా కూతురు పుట్టేదాకా నాకు తెలియదు.

మా పుట్టిల్లు తాడేపల్లిగూడెం. అమ్మ నా పెళ్ళికి ముందే పోయింది. ఇంట్లో నాన్న ఒక్కరే. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలి, మరి పురుడు పోసేదెవరు అని అందరూ ఆలోచిస్తుంటే, మా అత్తయ్యగారు ఒక సంచిలో నాలుగు చీరలూ పాత మెత్తటి పంచెలూ సర్దుకుని మా నాన్న ఇంటికి వచ్చేశారు. కోడలి పుట్టింటికి అత్తగారు పురుడు పోయడానికి రావడం గురించి మా వీధిలో కొన్నాళ్ళు చెప్పుకున్నారు. ఆవిడ పట్టించుకోలేదు. "మీ అమ్మ ఉంటే చేసేది కదమ్మా, లేదు కాబట్టి నేను చేత్తన్నాను" అన్నారంతే.

నర్సు గుడ్డలో చుట్టి తెచ్చిన పాపను ముందు అందుకున్నది అత్తయ్యగారే. ఆవిడకొక అలవాటుంది. ఏ పురిటి బిడ్డనైనా సరే, ముందు గుడ్డ విప్పి వేళ్ళు చూస్తారు. చేతులు, తర్వాత కాళ్ళు. నేను మంచం మీద నుంచి ఆవిడ మొహమే చూస్తున్నాను. ఒక్క క్షణం ఆవిడ చెయ్యి ఆగింది. తర్వాత గుడ్డ మళ్ళీ నెమ్మదిగా చుట్టేసి, "ముక్కు మాత్రం అచ్చం మా అబ్బాయిదే" అన్నారు. సాయంత్రం నేను కాస్త కోలుకుని పాలు పట్టాకే, నా పక్కన కూర్చుని ఆ గుడ్డ విప్పి చూపించారు. ఎడమ పాదం చీలమండ దగ్గర లోపలికి మడతపడి, అరికాలు పైకి చూస్తోంది. మడమ పైకి లాక్కుపోయి ఉంది. వేళ్ళు మాత్రం అయిదూ బుజ్జిగా, చక్కగా ఉన్నాయి.

నాకు ఏడుపు రాలేదు. ముందు పాఠం గుర్తొచ్చింది. పాదంలో ఇరవై ఆరు ఎముకలు, ఇన్ని జారెడు కీళ్ళు, వాటిని కట్టి ఉంచే సంధిబంధనాలు, శరీరం బరువంతా ముందు మడమ ఎముక మీదికి, అక్కడి నుంచి ముందుకి. మరి ఈ పాదం మీద బరువు ఎక్కడ పడుతుంది అనుకున్నాను. అప్పుడొచ్చింది ఏడుపు. పిల్ల నడుస్తుందా, నడవదా? ఆ తర్వాత చాలా కాలం నాకు వేరే ఆలోచనే లేదు.

చూడ్డానికి వచ్చిన ఎదురింటావిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, "కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం గానీ పట్టిందేమోనండి" అంది. అత్తయ్యగారు నిటారుగా కూర్చుని, "మేం క్రైస్తవులమండి. మాకు గ్రహణాలూ గట్రా ఉండవు" అన్నారు. ఆవిడ కాఫీ తాగి వెళ్ళిపోయింది. గేటు చప్పుడు వినపడ్డాక అత్తయ్యగారు నా దగ్గరకు జరిగి, గొంతు బాగా తగ్గించి అడిగారు.

"అమ్మాయ్, ఆ రోజున నువ్వు కూరగాయలేమైనా తరిగావా?"

కుట్లు లాగుతున్నా నవ్వు ఆగలేదు. ఆవిడ కూడా నవ్వారు గానీ, జవాబు కోసం ఎదురు చూస్తూనే ఉన్నారు. తరగలేదండీ అన్నాకే ఊరుకున్నారు.

మా అత్తవారి ఊళ్ళో ఇప్పుడు తిరుగుతున్న పిల్లల్లో చాలామందికి మొదటి నీళ్ళు పోసింది ఆవిడే. కులం, చర్చి, గుడి అన్న తేడా లేకుండా ఎవరింట పురుడైనా కబురొస్తుంది. ఆవిడ పెరట్లో చీర మోకాళ్ళ పైకి దోపుకుని, రెండు కాళ్ళూ చాపి కూర్చుంటారు. ఆ కాళ్ళ మీద బిడ్డను బోర్లా ఒకసారి, వెల్లకిలా ఒకసారి వేసుకుని, నూనె పట్టించి, చేతులు ఎదురు బొదురు లాగి, కాళ్ళు చాపి, ముక్కు నిమిరి, తల గుండ్రంగా రావాలని అరచేత్తో ఒత్తి, కాగిన నీళ్ళు దోసిలి అడ్డం పెట్టి పోస్తారు. చివర్లో సాంబ్రాణి. బిడ్డ ఏడుపు మానేసి నిద్రలోకి జారుకుంటుంది. అందుకే పాప పాదం చూసినప్పుడు ఆవిడ నాలాగా భయపడలేదు. "నాలుగు నెలలు నన్ను నీళ్ళు పోయనీమ్మా. రోజూ కాస్త కాస్త లాగితే అదే తిరిగిపోద్ది" అన్నారు.

డాక్టరుకి చూపించాల్సిందే అన్నాను. ఆవిడ వద్దనలేదు గానీ, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అన్నట్టు, ఏలూరు వెళ్తున్నంతసేపూ ఎవరెవరి పిల్లల కాళ్ళు తన చేతుల మీద సాపు అయ్యాయో చెబుతూనే ఉన్నారు. రైల్లో ఎదురు సీటాయన మొదట్లో ఊ కొట్టాడు, తర్వాత కిటికీ వైపు తిరిగిపోయాడు.

ఏలూరులో డాక్టరుగారు నడి వయసావిడ. మాట మెత్తన, చెయ్యి ఇంకా మెత్తన. పాప పాదాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ కదిపి చూసి, నేను బయాలజీ టీచర్నని తెలిశాక, వేరే పాపాయిది పాత ఎక్స్‌రే ఒకటి వెలుతురుకి పెట్టి చూపించారు. పురిటి బిడ్డ పాదం అది. మడమ దగ్గర శనగ గింజలంత తెల్లటి చుక్కలు రెండు మూడు, వేళ్ళ వైపు సన్నటి గీతలు కొన్ని. మధ్యలో అంతా ఖాళీ.

"ఈ ఖాళీలో ఎముకల్లేవనుకోకండమ్మా. ఉన్నాయి. ఇంకా మృదులాస్థిగానే ఉన్నాయి, అందుకే ఎక్స్‌రేలో పడవు. మెత్తగా ఉన్నాయి కాబట్టే మన మాట వింటాయి. వారం వారం కొంచెం తిప్పి ప్లాస్టరు వేద్దాం. కొత్త చోట అలవాటు పడ్డాక ఇంకొంచెం తిప్పుదాం."

అత్తయ్యగారు వెనక నుంచి, "మొక్కై వంగనిది మానై వంగదు కదండి" అన్నారు.

"అదేనండి మామ్మగారూ, సరిగ్గా అదే" అన్నారు డాక్టరుగారు. అత్తయ్యగారి మొహం వెలిగింది. అయితే ఆ తర్వాతి మాటతోనే ఆరిపోయింది. ప్లాస్టరు తొడ మొదలు దాకా ఉంటుంది, తడవకూడదు, కాబట్టి నీళ్ళు పోయడానికి లేదు, తడిగుడ్డతో ఒళ్ళు తుడవడమే. ఇంకో మాట కూడా గట్టిగా చెప్పారు. ప్లాస్టరు చివర కాలి వేళ్ళు అయిదూ ఎప్పుడూ కనపడుతూ ఉండాలి. కనపడకుండా లోపలికి పోయాయంటే ప్లాస్టరు జారిందన్నమాట, రక్తం ఆడదు, ఆ క్షణమే బయలుదేరి రావాలి.

అలా మొదలైంది. వారం వారం ఏలూరు ప్రయాణం. పాత ప్లాస్టరు తీసినప్పుడల్లా పాదం ఇంకాస్త బయటకు తిరిగి కనపడేది. నేను దాన్ని చూసి లోపల్లోపల పొంగిపోయేదాన్ని. ఎక్కడా కొయ్యలేదు, కుట్టలేదు. వేళ్ళతో నచ్చజెబుతున్నారంతే. మృదులాస్థి వినడం నా కళ్ళతో చూశాను.

అత్తయ్యగారి పరిస్థితి మాత్రం బాగోలేదు. పొద్దున్నే లేచి అలవాటు కొద్దీ నీళ్ళు కాచేవారు. కాగాక ఏం చెయ్యాలో తోచక నన్నే తలంటుకోమనేవారు. ఆ నెలల్లో నేను తలంటుకున్నంతగా జన్మలో తలంటుకోలేదు. తడిగుడ్డతో పాపను తుడుస్తూ, "ఇదేం స్నానమమ్మా, బల్ల తుడిచినట్టు" అని గొణిగేవారు.

నలభై రోజులు దాటాక మా అత్తవారి ఊరు వచ్చేశాం. ఆ ఆదివారం పాపను మొదటిసారి చర్చికి తీసుకెళ్ళాలి. మా వాళ్ళల్లో అది పెద్ద సంగతే. పాస్టరుగారు బిడ్డను చేతుల్లోకి తీసుకుని సంఘం ముందు ప్రార్థన చేస్తారు. తెల్లటి గౌను కుట్టించాం, ప్లాస్టరు కనపడకుండా పాదాల కింద దాకా. శనివారం మధ్యాహ్నం పాపకు పాలిచ్చి పడుకోబెట్టి నేనూ పడుకున్నాను. నాకు మెలకువ వచ్చింది సాంబ్రాణి వాసనకి.

సాంబ్రాణి ఎందుకు అనుకుంటూ లేచాను. పక్కన పాప లేదు. పెరట్లోకి వెళ్ళేసరికి అత్తయ్యగారు కాళ్ళు చాపుకుని కూర్చుని ఉన్నారు. పాప తల తడిగా, ఒళ్ళు నిగనిగలాడుతూ, హాయిగా నిద్రపోతోంది. పక్కన రొయ్యల మేత సంచిలోంచి తీసిన పాలిథీన్ కవరు ఒకటి, రెండు రబ్బరు బ్యాండ్లు. ప్లాస్టరుకి ఆ కవరు తొడిగి, బ్యాండ్లు వేసి, కాలు గట్టుకి ఆనించి నీళ్ళు పోశారన్నమాట. కవరులోకి నీళ్ళు పోయాయి. పోయాయని చూసుకుని, ప్లాస్టరు ఆరడానికి ఆ కాలిని సాంబ్రాణి పొగకి పడుతున్నారు.

"దేవుడి దగ్గరికి ఒళ్ళు తుడిచిన పిల్లని ఎలా తీసుకెల్తామమ్మా" అన్నారు, నేను అడగకముందే.

నేను వినడం లేదు. ప్లాస్టరు చివర చూస్తున్నాను. అయిదు వేళ్ళుండాల్సిన చోట బొటనవేలి కొస ఒక్కటే కనపడుతోంది. అది కూడా రంగు మారి ఉంది.

ఆ తర్వాత నేను ఏమన్నానో అన్నీ రాయను. గట్టిగానే అన్నాను, పక్కింటివాళ్ళు గోడ మీద నుంచి చూసేలాగే అన్నాను. "పిల్ల కాలు తీసేయాల్సి వస్తే మీరిస్తారా మీ కాలు?" అన్నది మాత్రం గుర్తుంది. అత్తయ్యగారు పాపను నాకు అందించేసి, తడి చేతులు చీరకు తుడుచుకోకుండా అలాగే గాల్లో పట్టుకుని నిలబడిపోయారు.

మావారు చేపల చెరువుల మీద సూపర్‌వైజరు. ఫోను చెయ్యగానే మేత మోసే ట్రాలీ వ్యానుతో వచ్చేశారు. దొరికిన బండి అది. ముందు సీట్లో నేనూ పాపా. వెనక ఖాళీ మేత సంచుల మీద అత్తయ్యగారు, ఎవరూ రమ్మనకుండానే ఎక్కి కూర్చున్నారు. కైకలూరు దాటి కొల్లేరు మధ్య రోడ్డు మీద పోతున్నంతసేపూ నేను పాప బొటనవేలి కొసను నొక్కి వదులుతూ ఉన్నాను. నొక్కితే తెల్లబడాలి, వదిలితే ఎర్రబడాలి. నొక్కితే తెల్లబడుతోంది. ఎర్రబడడానికి మాత్రం చాలాసేపు పడుతోంది. "ఏవండీ, కొంచెం తొందరగా" అంటే, "గేదెలున్నాయి, చూస్తున్నావు కదా" అన్నారాయన.

డాక్టరుగారు ఇంకా వెళ్ళిపోలేదు. ప్లాస్టరుని తడిపి విప్పుతూ ఒకసారి ఆగి వాసన చూశారు.

"దీనికి సాంబ్రాణి వేశారా అండి?"

ఆవిడ ఇంకేమీ అడగకుండా మిగతా కట్టంతా తీసేశారు. పాదం బయటపడింది. వేళ్ళు నీలంగా, ముడతలు పడి ఉన్నాయి. ఆవిడ దాన్ని అరచేతిలో పెట్టుకుని వెచ్చగా పట్టుకున్నారు. మేం ముగ్గురం ఆ పాదం వైపే చూస్తూ నిలబడ్డాం. ఎముక లోపల మజ్జలోనే రక్తకణాలు పుడతాయని పిల్లలకు చెబుతాను. ఆ బుల్లి ఎముకలన్నీ కలిసి ఇప్పుడు ఒక్క బొట్టు ఇటు పంపితే చాలనుకున్నాను. చిటికెన వేలు ముందు ఎర్రబడింది. తర్వాత దాని పక్కది. చివరికి బొటనవేలు. పాప కెవ్వుమని ఏడ్చి కాలు ఝాడించింది.

"ఏడవనీండి. మంచిదే" అన్నారు డాక్టరుగారు. "ఏం కాలేదు. ఒక మెట్టు వెనక్కి వెళ్ళాం. మళ్ళీ ఎక్కుదాం."

మావారు బయటకు వెళ్ళి గోడకి ఆనుకుని నిలబడ్డారు. అత్తయ్యగారు మాత్రం అంతసేపూ తలుపు దగ్గరే ఉండిపోయారు, లోపలికి రాలేదు.

ఆ రోజు నుంచి ఆవిడ పాపను ముట్టుకోవడం మానేశారు. ఇంటి పనంతా చేసేవారు, నాకు వేళకి అన్నం పెట్టేవారు, కొరమేను పులుసు చేసేవారు. పాప ఏడిస్తే ఉయ్యాల తాడు పట్టుకుని ఊపేవారు. ఎత్తుకునేవారు కాదు. "మీరెత్తుకోండి అత్తయ్యగారూ" అంటే, "చెయ్యి తడిగా ఉందమ్మా" అనేవారు. తుడుచుకున్న చేతుల్ని మళ్ళీ తుడుచుకుంటూ అనేవారు. నేను అన్న మాట తప్పని అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. కాలు పోయేదే. కానీ పసిపిల్లల్ని అంతగా ఎరిగిన ఆ చేతులు మా ఇంట్లో ఖాళీగా ఉండడం నేను చూడలేకపోయాను. మా ఇద్దరికీ ఆ సంగతి ఎత్తడం చేతకాలేదు. పప్పులో ఉప్పు సరిపోయిందా, పాలవాడు వచ్చాడా, ఇవే మాటలు.

పాదం పూర్తిగా బయటకు తిరిగాక, పిక్కను మడమకు కట్టే, వెనక బిగుసుకున్న స్నాయుబంధనాన్ని సూదిమొనంత గాటుతో వదులు చేశారు. చివరి ప్లాస్టరు వేశారు. అదీ తీసేశాక బూట్లు ఇచ్చారు. రెండు బుల్లి బూట్లు, రెంటినీ కలుపుతూ అడ్డంగా ఒక ఇనప పట్టీ. రోజుకి ఇరవై మూడు గంటలు వేసి ఉంచాలి. ఎముకలు కొత్త చోట గట్టిపడేదాకా, మళ్ళీ పాత దారి పట్టకుండా కాపలా అన్నమాట. మూడు నెలలయ్యాక నిద్రపోయేటప్పుడు మాత్రం, నాలుగేళ్ళు వచ్చేదాకా.

"మరి ఆ మిగిలిన గంట?" అని అడిగారు మావారు.

"స్నానానికి" అన్నారు డాక్టరుగారు. తలుపు వైపు తిరిగి, "మామ్మగారూ, మీరిలా రండి. ఆ గంట మీదే" అన్నారు.

అత్తయ్యగారు కదల్లేదు. డాక్టరుగారే లేచి వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకుని బల్ల దగ్గరకు తెచ్చారు. పాప మడమని ఎలా పట్టుకోవాలో, పాదాన్ని బయటకు ఎంత తిప్పాలో, పైకి ఎంత వంచాలో, ఎక్కడ ఆపాలో చూపించారు. ఒళ్ళంతా నూనె రాసుకోండి, బూటు పడేచోట మాత్రం వద్దు, జారిపోతుంది అన్నారు. అత్తయ్యగారికి ఆ పాదం మీద వేలు పెట్టడానికే చాలాసేపు పట్టింది. పెట్టాక మాత్రం ఆ చేతికి ఎవరూ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది. అటు తిప్పినప్పుడు పాప నవ్వింది.

"ఎక్కువ లాగానా అండి?" అని డాక్టరుగారిని అడుగుతూ అత్తయ్యగారు ఏడ్చేశారు. నేను అక్కడే ఆవిడ భుజం మీద తల పెట్టాను. "నాకు నీళ్ళు పోయడం రాదండీ" అని మాత్రం అన్నాను. అది నిజమే, ఇప్పటికీ రాదు.

మా ఇంట్లో రోజులో అన్నిటికంటే మంచి గంట అదే అయింది. బూట్లు విప్పగానే పాప రెండు కాళ్ళూ ఇష్టం వచ్చినట్టు ఆడించేది. అత్తయ్యగారు కాళ్ళు చాపి కూర్చుని, దాన్ని మీద వేసుకుని, ప్రార్థనో జోలపాటో తెలియని ఏదో ఒక వరసలో పాడుకుంటూ నూనె రాసేవారు. నేను పక్కనే పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ కూర్చునేదాన్ని. తొడ దగ్గర బంతిగిన్నె కీలు, మోకాలి దగ్గర మడత బందు కీలు, చీలమండలో జారెడు కీళ్ళు, నేను బోర్డు మీద గీసే ప్రతి కీలునీ ఆవిడ చేతులు వరసగా పలకరించి వెళ్ళేవి. గంట అవగానే, "పద తల్లీ, బండెక్కు" అని మళ్ళీ బూట్లు తొడిగేసేవారు. ఒక్క నిమిషం కూడా అటూ ఇటూ కానిచ్చేవారు కాదు. నేనే ఎప్పుడైనా పాప ఏడుస్తోందని ఇంకాస్సేపు ఉంచుదామంటే, "అలా అనకమ్మా" అని కసిరేవారు. నా కోపం ఆవిడకి అంటుకుందని మావారు నవ్వేవారు.

నిద్ర లేచి మేం బూట్లు విప్పేలోపే పాప ఆ పట్టీతోనే పాకింది, దాంతోనే గోడ పట్టుకుని నిలబడింది. దాంతో ఒకసారి వాళ్ళ నాన్న దవడ మీద ఒక్కటిచ్చింది. ఏడాది దాటి కొన్ని నెలలకి, పగటిపూట బూట్లు లేని వేళలో, వంటింట్లోంచి వరండాలోకి నాలుగడుగులు వేసింది. అరికాలు మొత్తం నేల మీద ఆన్చి వేసింది. నేను ముందు పాదమే చూశాను, పిల్ల మొహం తర్వాత చూశాను. ఎముక మీద బరువు పడే కొద్దీ ఎముక గట్టిపడుతుందని పాఠంలో ఉంటుంది. పడనీ, పడనీ అనుకున్నాను.

అయితే డాక్టరుగారు ముందే చెప్పారు, అసలు పరీక్ష నిద్రలో బూట్లదేనని. చాలా ఇళ్ళల్లో పిల్ల నడిచేస్తోంది కదా అని మానేస్తారట, పాదం మళ్ళీ లోపలికి తిరిగిపోతుందట. కాబట్టి నా భయం నాలుగేళ్ళూ అలాగే ఉంది. పాప పరిగెత్తుతుంటే అందరూ పిల్లను చూసేవారు, నేను ఎడమ మడమను చూసేదాన్ని.

ఆ నాలుగేళ్ళలో మా ఇంట్లో ఇంకో మార్పు జరుగుతోంది. మేమెవరం సరిగ్గా గమనించలేదు. అత్తయ్యగారు మొదట కాళ్ళు చాపి కూర్చోలేక ముక్కాలిపీట వేసుకున్నారు. తర్వాత పీట మీది నుంచి లేవడానికి బావి గట్టు పట్టుకోవడం మొదలుపెట్టారు. మోకాలి చిప్పల వెనక మృదులాస్థి అరిగిపోయింది. తర్వాత వీపు వంగింది. ఎప్పుడో బిందె ఎత్తుతుంటే వెన్నులో కలుక్కుమందట, మాకు చెప్పలేదు. ఏలూరులో ఎక్స్‌రే తీయిస్తే వెన్నుపూస ఒకటి నలిగిపోయి ఉంది. ఎముకలు గుల్లబారాయన్నారు. ఒకే కప్పు కింద మనవరాలి మెత్తటి ఎముకలు గట్టిపడుతున్నాయి, నానమ్మ గట్టి ఎముకలు పలచబడుతున్నాయి. కాల్షియం బిళ్ళలు ఇస్తే కొన్నాళ్ళు వేసుకున్నారు. ఒకరోజు పెరట్లో కోళ్ళ తవుడులో తెల్లటి పొడి కనపడి అడిగితే, "ఆ పెట్ట పెంకులేని తోలుగుడ్లు పెడతందమ్మా, దానికే ఎక్కువ అవసరం" అన్నారు. ఆవిడ మీద కోపం తెచ్చుకుందామని చాలా ప్రయత్నించాను.

మొన్న వేసవిలో ఏలూరు వెళ్ళాం. డాక్టరుగారు పాపను గది ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిపించారు, గొంతుక్కూర్చోబెట్టారు, మునివేళ్ళ మీద నిలబెట్టారు, ఒంటికాలి మీద గెంతించారు. ఎడమ పిక్క కుడి పిక్క కంటే కాస్త సన్నం, అది అలాగే ఉంటుంది, పరవాలేదు అన్నారు. బూట్లు ఇక అక్కర్లేదన్నారు. బయటకు వచ్చి మావారు నాకేసి చూసి, "ఏమైనా తిందామా?" అన్నారు. ఆయనకు సంతోషం వస్తే ఆకలి వేస్తుంది. బస్టాండు దగ్గర ముగ్గురం పూరీలు తిన్నాం. ఇంటికి వచ్చి చెబితే అత్తయ్యగారు మంచం మీద నుంచి లేచి, మెల్లగా వంటింట్లోకి వెళ్ళి, పాప నోట్లో ఇంత పంచదార పోశారు.

ఆ తర్వాత వారమో పది రోజులో, మావారు చూసే చెరువులో చేపల పట్టుబడి, వలేసి చెరువంతా పట్టే రోజు. ఊళ్ళో పట్టుబడి అంటే పిల్లలు ఇంట్లో ఉండరు. అత్తయ్యగారు కూడా వస్తానన్నారు. వీపు వంగాక ఆవిడ చెరువుల వైపు రాలేదు. కర్ర తీసుకోండి అంటే వినలేదు. "కర్ర పట్టుకుంటే ఊళ్ళో అందరూ ముసల్దాన్నయిపోయానంటారు" అని, పాపను పిలిచి దాని భుజం మీద చెయ్యి వేశారు. నేను అన్నం క్యారియరు పట్టుకుని వెనక నడుస్తున్నాను. ముందురోజు వానకి గట్టు జారుడుగా ఉంది. పాప చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది.

వాళ్ళిద్దరూ నా ముందు నడుస్తున్నారు. నానమ్మ వంగి ఉన్నారు కాబట్టి ఇద్దరి తలలూ ఇంచుమించు ఒకే ఎత్తున ఉన్నాయి. అడుగు తీసి వేసినప్పుడల్లా అత్తయ్యగారి ఒళ్ళు అటు ఒరుగుతోంది, ఆ బరువు చేతిలోంచి పాప భుజం మీద పడుతోంది, అక్కడి నుంచి దాని వెన్నులోకి, తుంటిలోకి, మోకాల్లోకి దిగుతోంది. నా కళ్ళు అలవాటు కొద్దీ ఎడమ పాదానికే పోయాయి. మడమ ముందు ఆనుతోంది. తర్వాత అరికాలు. తర్వాత వేళ్ళు అయిదూ బురదను గట్టిగా పట్టుకుంటున్నాయి. సొంత బరువైనా మోస్తుందా అని నేను ఏడ్చిన పాదం అది. ఇప్పుడు ఇద్దరిని మోస్తోంది, మోస్తున్నట్టు దానికి తెలియను కూడా తెలియదు.

చెరువు దగ్గర వల లాగుతున్న కేకలు వినపడ్డాయి. పాప నడక పెంచింది. అత్తయ్యగారు ఆయాసపడుతూ రెండడుగులు దానితో సమంగా వేసి, ఇక లాభం లేక నిలబడిపోయి, వెనక్కి తిరిగి నన్ను చూశారు.

"అమ్మాయ్, కాస్త నెమ్మదిగా నడవమని చెప్పమ్మా దానికి. నేను అందుకోలేకపోతన్నాను."